కొబ్బరితోటలో రెండు నలుపులు

పేరుకి కొబ్బరితోట.
నా లెక్కకి దొరికినవి పదకొండు చెట్లు,
పోర్టు గోడకీ ఇరుకు సందులకీ మధ్య
బట్టలారేసే తాళ్లు నడుముకి కట్టించుకుని.

ఎమ్మెస్సీ రెండో ఏడు, కీటకశాస్త్రం.
చెట్టుకో మట్ట, మట్టకి నాలుగు ఆకులు,
ఆకు అడుగున తెల్లదోమ గీసిన సుళ్లెన్ని?
ముగ్గెయ్యడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్ల
పిండి ఒలకబోసుకున్నట్టుంటాయవి.
సంచిలో పదిరెట్ల భూతద్దం, కత్తెర,
మేడం గీసిచ్చిన పట్టిక.

గుమ్మంలో ఎండు నెత్తళ్లు తిరగేస్తూ ఎర్రయ్యమ్మ:
"ఏటే గుంటా, ఆకులు కోస్తన్నావు? సీపురికా?"
తెగులు, అన్నాను.
"తెగులు కాదే, పోర్టు బూడిద.
నాను కాపరానికొచ్చిన కాణ్ణించీ కురుస్తంది.
ఇస్తరి మీదా ఇదే, ఇడ్లీ మీదా ఇదే."

నవ్వాను. చదువుకున్న నవ్వు.
బొటనవేలితో ఆకు తుడిచి చూపించాను.
చూడు, జిగురు.
దోమ రసం పీల్చి తేనెలాంటిది కారుస్తుంది,
దాని మీద మసిబూజు పడుతుంది.
ఇది పోర్టుది కాదు, పురుగుది.
మందు కొట్టించొద్దు. ఇదిగో, ఈ నల్లటి చుక్కలున్నాయే,
ఒక్కోదాని లోపల పిసరంత కందిరీగ
దోమని తింటోంది.
మందు కొడితే ముందు చచ్చేది అదే.
గంజి చల్లు. ఎండి పెచ్చులు లేస్తుంది,
మసిని పట్టుకుని రాలిపోతుంది.

"సెట్టుకి గంజా!"
కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
"మా ఆయన కాకీ సొక్కాకి పెట్టీదాన్ని."

అప్పుడు నా మణికట్టు పట్టుకుని
గోడవారన జామమొక్క దగ్గరికి లాక్కెళ్లింది.
"దీన్ని తుడు."

తుడిచాను, చూపుడువేలితో.
పొడి.
నలిపితే సన్నగా గరగర.
భూతద్దం కింద బూజు పోగుల్లేవు,
ముక్కలు, చెక్కలు. ఒకటి మెరిసింది.
నేను చదివిన ఏ పురుగూ ఇలాంటిది వదలదు.

ఎన్ని పురుగులుంటే మందు కొట్టాలన్నదానికి
మాకో లెక్కుంది:
ఇంతదాకా ఓర్చుకో, ఇది దాటితే కదులు.
పంటపంటకీ ఆ గీత వేరు,
నిద్రలో లేపి అడిగినా చెప్తాను.
ఈ పొడికి ఆ గీత ఎక్కడో
ఎవరిని అడగాలో తెలియలేదు.

లోపల మనవడు దగ్గుతున్నాడు,
తాళం తిరగని మోటారుబండిలా,
ఆగి, మళ్లీ.
"ఆ అద్దమెట్టి ఈడి గొంతుకలో సూడవే, ఓపాలి."
నవ్వుతూనే అంది.
ఇది ఆకులకేనమ్మా, అన్నాను.
అని, ఎందుకో అద్దం తుడుస్తూ నిలబడ్డాను.

పట్టిక చివరి గడి: ఇతర పరిశీలనలు.
పదకొండింట్లో తొమ్మిది చెట్లకి మసిబూజు.
పదకొండింటికీ ధూళి.
రెండో వాక్యాన్ని మేడం ఎర్రసిరాతో కొట్టేశారు.
పక్కన పొందికైన అక్షరాల్లో: పరిధిలో లేదు.
కొట్టేసే ముందు మాత్రం
కిటికీ అంచు మీద వేలితో ఒకసారి రాసి
చూసుకున్నారు.

రెండు వారాలకి గంజి పని చేసింది.
చెట్టు మొదట్లో నల్లటి పెచ్చులు,
పైన కడిగినట్టు పచ్చదనం.
ఎర్రయ్యమ్మ సందంతా పిలిచి చూపించింది,
"మా గుంట సెప్పిన వైద్దిగం."
ఎవరో నాకు కొబ్బరిబొండాం కొట్టిచ్చారు.
అది తాగేలోపే గాలి మళ్లింది.
జామాకు మీద ఎవరూ మాట్లాడలేదు.

రికార్డు వెనకట్ట లోపల,
మార్కులు వెయ్యని చోట,
ఆ రోజు ఒత్తిన వేలిముద్రలు రెండున్నాయి.
ఒకటి కాగితాన్ని కరుచుకుపోయింది.
రెండోది తెరిచినప్పుడల్లా కాస్త రాలుతుంది.
మొన్న చూస్తే
నా లెక్కల పేజీ దాకా వచ్చేసింది.